చెరిపినా చెరగని చెట్టు: చిత్రకారుడు జాన్ కాన్‌స్టబుల్ జీవితం

పేరు చూసి ఎవరో పోలీసాయన కథ అనుకునేరు. జాన్ కాన్‌స్టబుల్ ఇంగ్లండు దేశపు చిత్రకారుడు. 1776లో పుట్టి 1837లో కన్నుమూశాడు. పొలాలు, చెట్లు, నది, మబ్బులు, ఇవే ఆయన ప్రపంచం. అలాంటి మనిషి గురించి మన బడి స్వర్ణోత్సవ సంచికలో ఒక ఇంజనీరు ఎందుకు రాయాలని మిత్రులు కొందరు అడిగారు. నా దగ్గర రెండు కారణాలున్నాయి.

ఒకటి, ఆయన బొమ్మల నిండా లాకులు, నీటిమరలు, సరుకు పడవలు ఉంటాయి. గోదావరి డెల్టా కాలువల మీద పనిచేసిన నాలాంటివాడికి బొమ్మలో లాకు తలుపు కనిపిస్తే చాలు, కాలు అక్కడే ఆగిపోతుంది. రెండు, వేసిన బొమ్మ ఆయనకు ఓ పట్టాన నచ్చేది కాదు. ప్రదర్శనకు వెళ్లి వచ్చిన బొమ్మను కూడా మళ్లీ ఈజిల్ మీదకెక్కించి చెట్లు తీసేసేవాడు, మబ్బులు మార్చేవాడు. డ్రాయింగు కింద మూలలో రివిజన్ నంబర్లు పెంచుకుంటూ బతికే మా జాతికి బాగా తెలిసిన జబ్బే ఇది. ఆ జబ్బు ఆయన్ని ఎటు తీసుకెళ్లిందో మీతో చెప్పుకోవాలనిపించింది.

మర యజమాని కొడుకు

ఇంగ్లండు తూర్పు భాగంలో సఫోక్, ఎసెక్స్ జిల్లాలకు సరిహద్దుగా స్టూర్ అనే చిన్న నది ఉంది. దాని దగ్గర ఈస్ట్ బెర్గోల్ట్ అనే ఊళ్లో 1776 జూన్ 11న కాన్‌స్టబుల్ పుట్టాడు. తండ్రి గోల్డింగ్ ధాన్యం వర్తకుడు. ఫ్లాట్‌ఫర్డ్‌లోనూ డెడమ్‌లోనూ ఆయనకు నీటిమరలు ఉండేవి. అక్కడ ఆడించిన పిండి పడవల మీద నది దిగువకు వెళ్లి, ఓడలోకెక్కి లండను చేరేది. లాకు ఎప్పుడు తీయాలి, నీరు ఎంత ఉంది, రేపు గాలి ఎటు వీస్తుంది అన్నవి ఆ ఇంట్లో రోజూ నడిచే మాటలు.

జాన్ రెండో కొడుకు. అన్నకు మతి సరిగా లేకపోవడంతో వ్యాపారం జాన్ చేతికే వస్తుందని అందరూ అనుకున్నారు. అతను డెడమ్‌లోని గ్రామర్ స్కూలుకు నడిచి వెళ్లేవాడు. చదువులో పెద్దగా మెరిసిన గుర్తులు లేవు. బడి అయ్యాక కొంతకాలం తండ్రి గాలిమరలో పని నేర్చుకున్నాడు. ఆ మర దూలం మీద తన పేరు, 1792 అనే సంవత్సరం చెక్కి, పక్కనే గాలిమర బొమ్మ కూడా గీశాడు. బెంచీల మీద కాంపాసు ముల్లుతో పేర్లు చెక్కిన మనవాళ్లు ఇది చదివి కాస్త ఊరట పొందవచ్చు.

గాలిమర తిప్పేవాడికి ఆకాశం చదవడం రావాలి. ముంచుకొచ్చే గాలివానను ముందుగా పసిగట్టకపోతే మర రెక్కలు విరుగుతాయి. చిత్రకారుడిగా కాన్‌స్టబుల్‌కు పేరు తెచ్చిన మబ్బులకు పునాది ఆ మరలోనే పడిందని నా నమ్మకం.

బొమ్మల పిచ్చి ముదరడానికి సాయపడినవాడు ఆ ఊరి గాజుపలకలు, సీసపు గొట్టాల పనివాడు జాన్ డంథోర్న్. పని లేని వేళల్లో ఇద్దరూ పొలాల్లోకి పోయి బొమ్మలు వేసుకునేవారు. 1799లో తండ్రి ఒప్పుకుని లండను పంపాడు. కొడుకు రాయల్ అకాడమీ బడిలో చేరాడు. వ్యాపారాన్ని తమ్ముడు అబ్రామ్ తలకెత్తుకున్నాడు. ఆ తమ్ముడు భారం మోయబట్టే అన్న చిత్రకారుడు కాగలిగాడు. మన ఇళ్లలోనూ ఇలాంటి తమ్ముళ్లున్నారు.

ఎటు చూడాలి?

1802లో ఆయనకు సైనిక కళాశాలలో డ్రాయింగు మాస్టారి ఉద్యోగం దొరికే అవకాశం వచ్చింది. స్థిరమైన జీతం. కానీ వద్దన్నాడు. ఇతరుల బొమ్మలు చూసి బొమ్మలు వేయడం మానేసి, నేరుగా ప్రకృతిని చూసి వేస్తానని అదే ఏడాది డంథోర్న్‌కు ఉత్తరం రాశాడు. సంకల్పం బాగానే ఉంది. అమలుకు పదిహేనేళ్లు పట్టింది.

ఆ రోజుల్లో ప్రకృతి దృశ్యాలకు గిరాకీ తక్కువ. పురాణకథలు, యుద్ధాలు వేసినవాడే గొప్ప చిత్రకారుడు. దృశ్యం వేసినా అందులో ఇటలీ శిథిలాలో, దేవతలో ఉండాలి. కాన్‌స్టబుల్ పొట్టకూటికి రైతుల ముఖచిత్రాలు వేశాడు. చర్చిలకు క్రీస్తు బొమ్మలు వేశాడు. 1806లో మేనమామ డబ్బిస్తే కొండలూ సరస్సులూ ఉన్న లేక్ డిస్ట్రిక్ట్ వెళ్లి రెండు నెలలు తిరిగాడు. కవులు, చిత్రకారులు అందరూ పరవశించిన చోటు అది. ఈయనకు మాత్రం మనుషుల అలికిడి లేని ఆ కొండల ఒంటరితనం గుండె మీద బరువులా తోచింది. చర్చి, గుడిసె, మర, పడవ, పనిచేసే మనిషి లేని దృశ్యం తనది కాదని తేల్చుకున్నాడు.

తనది ఏదో అప్పటికి తెలిసింది. నది పొడుగునా నాలుగైదు మైళ్ల నేల. జీవితాంతం దేశం దాటలేదు. దృష్టి కుదరకపోవడం అంటే విషయం దొరకకపోవడమేనని మనం అనుకుంటాం. ఈయనకు విషయం దొరికింది. అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. ఆ నాలుగైదు మైళ్లలో ప్రతి చెట్టూ ప్రాణమే. ఏది ఉంచాలి, ఏది తీయాలి, చూసేవాడి చూపు ఎక్కడ నిలవాలి?

మరియా

1809లో మరియా బిక్‌నెల్‌తో ప్రేమలో పడ్డాడు. ఆమె తాత ఈస్ట్ బెర్గోల్ట్ చర్చి ఫాదరీ, డబ్బున్నవాడు. బొమ్మలేసుకునేవాడిని చేసుకుంటే ఆస్తిలో చిల్లిగవ్వ రాదని బెదిరించాడు. ఏడేళ్లు ఉత్తరాలతోనే గడిచాయి. 1816లో కాన్‌స్టబుల్ తండ్రి చనిపోయి కొంత రాబడి వచ్చాక గాని పెళ్లి కుదరలేదు.

తీరా కుదిరాక ఈయన చేసిన పని చూడండి. ఫ్లాట్‌ఫర్డ్ మర బొమ్మ సగంలో ఉంది, అది పూర్తయితే మనసు కుదుటపడేది అన్న ధోరణిలో, పెళ్లి వెనక్కి జరిగేలా ఆమెకు ఉత్తరం రాశాడు. ఏడేళ్లు ఎదురుచూసిన మనిషికి ఎలా ఉంటుంది? ఆమె బాగా నొచ్చుకుంది. మొత్తానికి అక్టోబరు 2న లండనులో పెళ్లయింది. ఆయన ప్రాణమిత్రుడు, ఫాదరీ జాన్ ఫిషర్ దగ్గరుండి జరిపించాడు. ఆ తర్వాత పన్నెండేళ్లలో ఏడుగురు పిల్లలు పుట్టారు. మంచి తండ్రి, ప్రేమగల భర్త. అయినా ఆ ఇంట్లో సవతి ఒకటి ఉండేది. అది ఈజిల్ మీది కాన్వాసు.

ఆరడుగుల బొమ్మలు

చిన్న బొమ్మలు అకాడమీ ప్రదర్శనలో కిక్కిరిసిన గోడల మీద ఎవరి కంటా పడవు. అందుకని ఆయన ఆరడుగుల వెడల్పు కాన్వాసుల మీదకు వెళ్లాడు. 1819లో మొదటిది, ‘ద వైట్ హార్స్’. పడవను లాగే గుర్రం నడిచే గట్టు దారి ఒకచోట అవతలి ఒడ్డుకు మారుతుంది. అక్కడ గుర్రాన్ని పడవలోకెక్కించి దాటిస్తున్న దృశ్యం. దాన్ని ఫిషరే 100 గిన్నీలకు కొన్నాడు. ఆ ఏడాదే అకాడమీ ఆయన్ని అనుబంధ సభ్యుడిగా ఎన్నుకుంది. అప్పటికి వయసు 43.

ఈ పెద్ద బొమ్మల కోసం ఆయన ఎవరూ చేయని పని చేశాడు. అసలు బొమ్మ ఎంత ఉంటుందో అంతే కొలతలో, ఆరడుగుల కాన్వాసు మీద ముందుగా ఒక చిత్తుప్రతి రంగుల్లో వేసేవాడు. పూర్తి కొలత మాక్-అప్ అన్నమాట. నది సఫోక్‌లో, తను లండనులో. పొలాల్లో ఏళ్ల కిందట వేసుకున్న చిన్న చిన్న బొమ్మలను చూసి, జ్ఞాపకాన్ని కూడగట్టి, ఆ చిత్తుప్రతిలో అన్నిటినీ ఒకచోట చేర్చేవాడు. తప్పులన్నీ అక్కడే తేలిపోవాలని లెక్క. కానీ తేలేవి కావు.

1821 నాటి ‘ద హే వెయిన్’ ఆయన బొమ్మల్లో అందరికీ తెలిసినది. గడ్డిబండి నదిలో దిగి నిలబడి ఉంటుంది. పక్కన విల్లీ లాట్ అనే రైతు ఇల్లు, ఒడ్డున కుక్క, పైన కదిలే మబ్బులు. బండి సరిగా రావాలని సఫోక్‌లో ఉన్న డంథోర్న్ కొడుకు చేత నిజం బండికి బొమ్మ గీయించి తెప్పించుకున్నాడు. చిత్తుప్రతిలో కుక్క దగ్గర గుర్రం మీద ఒక మనిషి ఉన్నాడు. అసలు బొమ్మలోనూ అతన్ని వేసి, తర్వాత చెరిపి, ఆ చోట పీపా పెట్టాడు. పీపాను కూడా చెరిపేశాడు. నూనె రంగు కాలం గడిచేకొద్దీ పారదర్శకం అవుతుంది కాబట్టి ఇప్పుడా పీపా లోపలి నుంచి నీడలా పైకి తేలుతోంది. ఎందుకు తీశాడో బొమ్మ ముందు నిలబడితే అర్థమవుతుంది. ఒడ్డున ఇంకేదైనా ఉంటే చూపు అక్కడే చిక్కుకుంటుంది, బండి దాకా పోదు.

లండనులో అది అమ్ముడుపోలేదు. ఒక ఫ్రెంచి వ్యాపారి మరి రెండు బొమ్మలతో కలిపి 250 పౌన్లకు కొని, 1824లో పారిస్ ప్రదర్శనకు పెట్టాడు. అక్కడ అందరూ దాని గురించే మాట్లాడుకున్నారు. రాజు బంగారు పతకం ఇచ్చాడు. దెలాక్రువా అనే మహా చిత్రకారుడు దాన్ని చూసి వెళ్లి, ప్రదర్శనకు సిద్ధమైన తన పెద్ద బొమ్మకు మళ్లీ రంగులు దిద్దాడని చరిత్ర. దిద్దుబాటు కూడా అంటువ్యాధే కాబోలు.

ఆకాశం కోసం ఆయన పడిన శ్రమ వేరు. 1821, 1822 సంవత్సరాల్లో లండను పక్కన హామ్‌స్టెడ్ గుట్ట మీద నిలబడి పదుల కొద్దీ మబ్బుల బొమ్మలు వేశాడు. చాలావాటి వెనక తేదీ, వేళ, గాలి దిశ రాసిపెట్టాడు. మా శాఖలో వర్షమాపకం రిజిస్టరు రాసినట్టే.

అంత శ్రమపడి వేసిన మబ్బే ఒకసారి తగువు తెచ్చింది. సాల్స్‌బరీ బిషప్ తన చర్చి బొమ్మ వేయించుకున్నాడు. ఈయన ఫిషర్‌కు పినతండ్రి వరస. గోపురం వెనక నల్లమబ్బు ఉండటం ఆయనకు నచ్చలేదు, మార్చమన్నాడు. కాన్‌స్టబుల్ ఆ మబ్బును ముట్టుకోలేదు. వేరే కాన్వాసు తీసుకుని, తేటగా ఉన్న ఆకాశంతో బొమ్మంతా మళ్లీ వేశాడు. అది పూర్తయ్యేలోగా బిషప్ చనిపోయాడు. తనకు తోచి పదిసార్లు మార్చేవాడు, ఇంకొకరు చెబితే మాత్రం ఒక్క మబ్బూ కదపలేదు.

చెట్టు జరిగింది

1825 నాటి ‘ద లీపింగ్ హార్స్’ నాకు అన్నిటికన్నా ఇష్టం. స్టూర్ గట్టు మీద పశువులు అవతలికి పోకుండా మూడడుగుల ఎత్తున కర్రల అడ్డు కట్టేవారు. పడవలు లాగే గుర్రాలకు దాన్ని దూకడం నేర్పేవారు. అలా దూకబోతున్న గుర్రం, దాని మీద కుర్రవాడు, ఇదీ బొమ్మ.

దీనికీ పూర్తి కొలతలో చిత్తుప్రతి ఉంది. అందులో గుర్రానికి ముందు ఒక ముసలి విల్లో చెట్టు మోడు ఉంటుంది. ప్రదర్శనలో పెట్టిన బొమ్మలోనూ అలాగే ఉంది. మే నెలలో ప్రదర్శనకు వెళ్లి, అమ్ముడుపోక తిరిగొచ్చింది. సెప్టెంబరులో ఆయన బొమ్మను మళ్లీ ఈజిల్ మీద పెట్టి ఆ చెట్టును ముందునుంచి తీసేసి గుర్రం వెనక్కి మార్చాడు. ముందు గుర్రం దూకితే చెట్టుకు కొట్టుకుంటుందేమో అనిపించేది. ఇప్పుడు దాని ఎదుట ఖాళీ ఆకాశం. చూపు దానితోపాటే దూకుతుంది. అంతకుముందు డెడమ్ చర్చి గోపురాన్ని కూడా అక్కడ కనిపించకపోయినా తెచ్చి పెట్టాడు. సర్వే ప్రకారం తప్పు, బొమ్మ ప్రకారం ఒప్పు.

చెరిపిన చెట్టు పూర్తిగా పోలేదు. జాగ్రత్తగా చూస్తే పాత చోట దాని జాడ ఇంకా తెలుస్తుంది. ఇంత మార్చినా ఆయన బతికుండగా ఆ బొమ్మను ఎవరూ కొనలేదు.

అన్ని దిద్దుబాట్లూ ఇలా ఫలించలేదన్నది కూడా చెప్పాలి. 1817 జూన్ 18న లండనులో వాటర్లూ వంతెన ప్రారంభోత్సవం ఆయన చూశాడు. కట్టినవాడు జాన్ రెన్నీ, మా వృత్తిలో పెద్దపేరు. 1819లో బొమ్మ మొదలైంది. ఎటునుంచి వేయాలి, ఎంత ఎత్తునుంచి చూడాలి అన్నది తేలక పెట్టేయడం, మళ్లీ తీయడం. చివరికి 1832లో గాని ప్రదర్శనకు రాలేదు. వంతెన కట్టడానికి అంతకాలం పట్టలేదు! ప్రదర్శన తెరిచే ముందు ఆయన దానికి ఇంకా ఎర్రరంగులు అద్దుతూ ఉంటే, పక్కనే ఉన్న తన బూడిదరంగు సముద్రం బొమ్మ మీద టర్నర్ వచ్చి ఒక్క ఎర్రచుక్క పెట్టి వెళ్లాడనీ, దానితో కాన్‌స్టబుల్ బొమ్మ వెలవెలబోయిందనీ మిత్రుడు లెస్లీ రాశాడు. పదమూడేళ్ల పనికీ ఒక్క చుక్కకీ మధ్య ఉన్న ఆ తేడాయే గురి కుదరడం అంటే.

యాభై రెండో ఏట

మరియాకు క్షయ. గాలి మార్పు కోసం హామ్‌స్టెడ్‌లో, బ్రైటన్‌లో ఇళ్లు అద్దెకు తీసుకుని కుటుంబాన్ని అక్కడ ఉంచేవాడు. తను లండను స్టూడియోకీ ఆ ఇళ్లకీ మధ్య తిరిగేవాడు. స్టూడియోలో ఉంటే ఇల్లు గుర్తొచ్చేది, ఇంట్లో ఉంటే సగంలో ఉన్న బొమ్మ గుర్తొచ్చేది. 1828 నవంబరు 23న ఆమె చనిపోయింది. చివరి బిడ్డకు ఇంకా ఏడాది నిండలేదు.

మూడు నెలలు తిరక్కుండా, 1829 ఫిబ్రవరిలో, అకాడమీ ఆయన్ని పూర్తి సభ్యుడిగా ఎన్నుకుంది. ఒకే ఒక్క ఓటు తేడాతో. వయసు 52. ఇన్నేళ్లు ఎవరితో కలిసి ఎదురుచూశాడో ఆ మనిషి లేదు. నేనూ ఆ వయసు దాటినవాణ్ణే. ఆలస్యంగా వచ్చిన ప్రమోషన్ చేతికందినప్పుడు ముందుగా ఎవరికి చెప్పాలనిపిస్తుందో ఈ సంచిక చదివే నా ఈడువాళ్లకు చెప్పనక్కరలేదు.

మరుసటి ఏడాది ఇంకో వింత జరిగింది. సాల్స్‌బరీ పచ్చికబయళ్ల మీద ఆయన వేసిన చిన్న బొమ్మ ఒకటి, ఎవరిదో తెలియక, బొమ్మలు ఎంపిక చేసే సంఘం ముందుకు వచ్చింది. సభ్యులు బాగోలేదని తోసిపుచ్చారు. ఆ సంఘంలో ఆయనా కూర్చుని ఉన్నాడు. సంగతి తెలిసి మళ్లీ చూస్తామన్నా ఆయన ఒప్పుకోలేదు.

ఇంద్రధనుస్సు

భార్య పోయిన దిగులులో ఉన్న మిత్రుణ్ణి 1829 వేసవిలో ఫిషర్ సాల్స్‌బరీకి రప్పించాడు. పచ్చికబయలు నుంచి కనిపించే చర్చిని పెద్ద బొమ్మగా వేయమని ప్రోత్సహించాడు. 1831లో అది ప్రదర్శనకు వెళ్లింది. గాలివాన వెలుస్తున్న ఆకాశం, గోపురం వెనక మెరుపు, నీళ్లలో బండి, వీటన్నిటి మీదుగా పెద్ద ఇంద్రధనుస్సు. అమ్ముడుపోలేదు. తిరిగొచ్చాక మళ్లీ దిద్దాడు. 1833లో మరోచోట, 1834లో ఇంకోచోట ప్రదర్శనకు పంపాడు. వచ్చిన ప్రతిసారీ కుంచె పట్టాడు. అది తన ఉత్తమ కృతి అవుతుందని ఆయన నమ్మకం. చనిపోయేవరకు దాన్ని దిద్దుతూనే ఉన్నాడు.

ఇంజనీరుగా నాకొక అభ్యంతరం ఉంది. ఇంద్రధనుస్సు సూర్యుడికి సరిగ్గా ఎదురుగా రావాలి. బొమ్మలోని వెలుగుకూ ఆ విల్లుకూ లెక్క కుదరదు. ఆయనకు తెలియక కాదు. ఇంద్రధనుస్సు ఎలా ఏర్పడుతుందో పటాలు గీసి మరీ చదువుకున్నాడు. అయినా అక్కడే వేశాడు. విల్లు కొస దిగే చోట ఉన్న ఇల్లు ఫిషర్‌ది. 1832లో ఫిషర్ హఠాత్తుగా చనిపోయాడు. తన దగ్గర సహాయకుడిగా పనిచేసిన డంథోర్న్ కొడుకు కూడా ఆ ఏడాదే పోయాడు. ఇదంతా తెలిశాక నా అభ్యంతరం నేనే వెనక్కి తీసుకున్నాను. కొన్ని దిద్దుబాట్లు బొమ్మ బాగుపడాలని చేసేవి కావు. బొమ్మను వదిలితే దానితోపాటు పోయేవాళ్లు ఎవరో ఉంటారు.

చివరి ఏళ్లలో ఆయన ఉపన్యాసాలు కూడా ఇచ్చాడు. 1836లో రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో, శాస్త్రవేత్తలు మాట్లాడే వేదిక మీద నిలబడి, ప్రకృతి చిత్రణ కూడా ప్రకృతిశాస్త్రంలో భాగమేననీ బొమ్మలు అందులో ప్రయోగాలు కావచ్చుననీ వాదించాడు. ప్రయోగం అన్న మాట పట్టుకుంటే ఆయన చెరపడాలన్నీ కొత్తగా అర్థమవుతాయి. ఫలితం తప్పితే మళ్లీ చేయడం ప్రయోగశాలలో అవమానం కాదు.

1837 మార్చి 31 రాత్రి నిద్రపోయే వేళ నొప్పి వచ్చి చనిపోయాడు. ఆ రోజు కూడా ఒక బొమ్మ మీద పనిచేశాడు. ఆరండెల్ ఊరి నీటిమర అది. నీటిమర ఇంట్లో పుట్టినవాడు నీటిమర వేస్తూ వెళ్లిపోయాడు. హామ్‌స్టెడ్‌లో మరియా పక్కనే సమాధి చేశారు.

ఆయన చిత్తుప్రతులను బతికుండగా జనం ముందు పెట్టలేదు. ఈనాడు వాటిని అసలు బొమ్మలకన్నా మిన్నగా మెచ్చుకునేవారున్నారు. తప్పులు వెతకడానికి వేసుకున్నవాటిలోనే చెయ్యి స్వేచ్ఛగా ఆడిందని వారి మాట.

పోయాక మిత్రులు, అభిమానులు చందాలు వేసుకుని 300 గిన్నీలకు ఒక బొమ్మ కొని, లండను నేషనల్ గ్యాలరీకి ఇచ్చారు. ఆ జాతీయ సంగ్రహంలో చేరిన ఆయన మొదటి బొమ్మ అదే, 1826 నాటి ‘ద కార్న్‌ఫీల్డ్’. అమ్ముడుపోవాలని కొంచెం ఎక్కువ సొగసు దిద్ది, ఇంగ్లండులోనూ పారిస్‌లోనూ ఎన్నో ప్రదర్శనలకు పంపినా ఆయన బతికుండగా ఎవరూ కొనని బొమ్మ. ఒక చల్లని చెట్లదారి, బోర్లా పడుకుని నీళ్లు తాగుతున్న పిల్లవాడు, గొర్రెలు, కుక్క, దూరంగా పండిన చేను. దూరాన కనిపించే చర్చి మాత్రం ఆ దారినుంచి కనిపించేది కాదు, ఆయన తెచ్చి పెట్టిందే. దారి మాత్రం నిజం. ఈస్ట్ బెర్గోల్ట్ నుంచి డెడమ్ వైపు, చిన్నప్పుడు రోజూ ఆయన బడికి నడిచిన దారి అది.